ఎదుటివారి మాట

ప్రిస్కిల్లా టీచరు గారు నల్లబల్లకి నడిమధ్యన పైనుంచి కిందికి ఒక గీత గీశారు. గీతకి ఎడమవైపు ‘అన్నం బడిలోనే వండాలి’ అని రాశారు. కుడివైపు ‘అన్నం బయటి వంటశాల నుంచి రావాలి’ అని రాశారు. సుద్దముక్క కీచుమనేసరికి పదో తరగతి పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు. చూడక ఏం చేస్తారు, ఏడేళ్ళుగా ఆ అన్నం వండుతున్నది నేనే. పొద్దుటి పప్పు వాసన నా చేతులకి ఇంకా పోలేదు. వెనక బెంచీలో, మోకాళ్ళు పట్టని చోట ఇరుక్కుని కూర్చుని, నా తెల్లకాగితం మీద కూడా అలాంటి గీతే గీసుకున్నాను. స్కేలు పక్కనున్న పూజిత ఇచ్చింది. స్కేలు పెట్టినా గీత వంకరపోయింది. చెరువు గట్టు వేసేటప్పుడు మా ఆయన తాడు పట్టి ముగ్గు పోసి గీత గీసేవాడు, అది కూడా కొంచెం వంకరపోయేది, ‘నీళ్ళకి వంకరేంటి పాపాయీ, ఎటు పల్లమైతే అటు పోతాయి’ అనేవాడు. ఆయన లేక అయిదేళ్ళు. ఇప్పుడెందుకు గుర్తొచ్చాడు. గోడ గడియారంలో రెండయింది. మూడింటికి ఈ పీరియడ్ అయిపోతుంది, మూడింటికే హెడ్మాస్టరు గారి గదిలో పేరెంట్స్ కమిటీ కూర్చుంటుంది.

కమిటీ కూర్చోవడం ఈ గీత గురించే. మా మండలానికి ఒక పెద్ద వంటశాల కడతారట, ఆవిరి మీద అన్నం వండి, మూతలు బిగించిన డబ్బాల్లో వ్యాన్ మీద పంపుతారట. అక్కర్లేదు, మా బడిలోనే వండుకుంటాం అనే ఊళ్ళు రాసి పంపవచ్చట. హెడ్మాస్టరు గున్నేశ్వరరావు గారు నిన్న వంట షెడ్డు దగ్గరికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పారు. ‘ఏంటి పాపాయమ్మా, ఓపెన్ స్కూల్లో టెన్త్ కడుతున్నావు కదా, నీ తరఫున నాలుగు మాటలు నువ్వే రాసి ఇవ్వు. వంట చేసేవాళ్ళు సొంతంగా రాస్తే కమిటీవాళ్ళకి బరువుగా ఉంటుంది.’ నాకు లోపల ఎంత గర్వం కలిగిందో చెప్పకూడదు. టీచరు గారికి చెబితే, ‘అదే టాపిక్ పిల్లలకీ ఇస్తాను, మీరూ వచ్చి కూర్చోండి, వ్యాసం ఎలా కట్టాలో చెబుతాను’ అన్నారు. అలా వచ్చి కూర్చున్నాను. ఈ గంటలో నేను రాసేది నా పొయ్యి ఉంటుందా ఆరుతుందా అన్నది. అంతే అనుకుని వచ్చాను.

‘వ్యాసం అంటే తిట్టడం కాదు, పొగడటం కాదు,’ అంటున్నారు టీచరు గారు. ‘ముందు మీరు గీతకి ఏ పక్క నిలబడ్డారో ఒక్క వాక్యంలో చెప్పండి. తర్వాత ఎందుకో చెప్పండి, మూడు కారణాలు చాలు. ప్రతి కారణం కింద మీరు చూసినది ఒకటి ఉండాలి. విన్నది కాదు, చూసినది.’ వరుణ్ చెయ్యెత్తాడు. ‘బయటి వంటలో టేస్టు ఉండదండి.’ ‘నువ్వు తిన్నావా?’ ‘లేదండి.’ ‘మరి?’ ‘మా బావ చెప్పాడండి.’ ‘మీ బావ తిన్నాడా?’ ‘ఆడు ఇంట్లో కూడా తినడండి.’ పిల్లలు ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. వీడు ఆరో తరగతిలో ఎంత సన్నగా ఉండేవాడు, మెడ గాజుగ్లాసులో పెట్టిన పువ్వుకాడలా ఉండేది, సెలైను సీసా కింద మంచం మీద, వద్దు, అటు వెళ్ళకు. పూజిత లేచి, ‘మన ఆయమ్మ సాంబార్లో ముక్క దొరికితే లాటరీ తగిలినట్టేనండి, అది రాయచ్చాండి?’ అంది. ‘చూసినదేగా, రాయి,’ అన్నారు టీచరు గారు నావైపు చూసి నవ్వుతూ. ‘నీకు రేపు రెండు ముక్కలు వేస్తాలేవే,’ అన్నాను. మళ్ళీ నవ్వులు. ఫ్యాను గిరగిరమంటూ తిరుగుతోంది, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు దూరంనుంచి ఇలాగే ఉంటుంది, ఆ చప్పుడు ఆగితే మా ఆయన నిద్రలోంచి లేచి కూర్చునేవాడు, కాపలావాళ్ళకి చప్పుడు ఆగడమే భయం.

నేను రాశాను. ‘అన్నం బడిలోనే వండాలి.’ ఒక వాక్యం. అక్షరాలు నావి లావుగా, ఉండ్రాళ్ళలా ఉంటాయి. అ అమ్మ, ఆ ఆవు అని నేను నేర్చుకోలేదు. నా మొదటి మాట ‘అన్నం’, రెండోది ‘పప్పు’, తర్వాత ‘గుడ్డు’. ఏం వండాం, ఎన్నింటికి వండాం, ముందు ఎవరు రుచి చూశారు అని రోజూ రిజిస్టరులో రాయాలని ఆఫీసర్లు ఉత్తర్వు పంపితే, నా తరఫున రోజూ రాయలేక ప్రిస్కిల్లా టీచరు గారే సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో. ‘న’కి ‘న’ ఒత్తు కింద పెట్టి, పక్కన సున్నా పెట్టి, అన్నం అని నేను రాసిన రోజున దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు వండినది ఇదా అని. ఆ ఉత్తర్వు ఎందుకు వచ్చిందో ఈ బడిలో అందరికీ తెలుసు. ఎవరూ ఇప్పుడు దాని గురించి మాట్లాడరు.

కారణాలు. మొదటిది వేడి. కుండ దింపిన అరగంటలో పిల్లల కంచంలో పడుతుంది అన్నం, వ్యాన్ ఎక్కి గంటన్నర తిరిగిన అన్నం ముద్దకడుతుంది. రెండోది, ఎవరు తింటున్నారో ఎవరు తినడం లేదో నాకు తెలుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నెలకి మూడు రోజులు పెరుగు వద్దంటుంది, ఇంట్లో ఎవరో చెప్పారని, ఆమె కంచంలో నేను మాట్లాడకుండా కొంచెం పెరుగన్నం పెట్టేస్తాను, తినేస్తుంది. ఇంకొకడు గుడ్డు జేబులో దాచుకుని చెల్లెలికి పట్టుకెళ్తాడు, వాడికి సగం ముక్క అదనం. మూత బిగించిన డబ్బాకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి. మూడోది, ఉప్పు తక్కువైతే పిల్లలు వచ్చి నా మొహం మీదే అంటారు, వ్యాన్ డ్రైవరుతో అనలేరు కదా. రాస్తుంటే చెయ్యి దానంతట అది నడిచింది. ఇవన్నీ నేను చూసినవే. ఇంత బాగా రాస్తానని నాకే తెలీదు. కాగితం సగం నిండింది, పూజిత తొంగి చూసి, ‘ఆయమ్మా, మీరు ఆగండి కొంచెం, మమ్మల్ని రాయనివ్వండి,’ అని గొణిగింది.

అప్పుడు టీచరు గారు చేతికంటిన సుద్ద దులుపుకుని అన్నారు. ‘ఇప్పుడు కష్టమైనది. గీతకి అవతలి పక్కవాళ్ళ మాట రాయాలి. వాళ్ళ మాటల్లో ఏది బలమైనదో అది రాయాలి. వాళ్ళు చదివితే, అవును, మేం చెప్పాలనుకున్నది ఇదే అనాలి. ఆ తర్వాతే మీ జవాబు. ఏరా, మీరు పందేలకి వెళ్తారుగా, ఎదుటి కోడి కాళ్ళు కట్టేసి బరిలో దింపి నేను గెలిచానంటే ఒప్పుకుంటారా?’ ‘తంతారండి,’ అన్నాడు వరుణ్. ‘వ్యాసం చదివేవాడు తన్నడు, నమ్మడు, అంతే తేడా,’ అన్నారావిడ. ‘చెప్పు, బయట వండాలి అనేవాళ్ళ బలమైన మాట ఏంటి?’ ఒకరు శుభ్రం అన్నారు, ఒకరు మిషన్లు అన్నారు. వరుణ్ మళ్ళీ లేచాడు. ‘అక్కడ చింతపండు పులిహోర పెడతారంటండి. మన ఆయమ్మ నాలుగేళ్ళ నుంచి నిమ్మకాయదే చేస్తుందండి. మాకు చింతపండుది తినాలనుంటదండి.’ అందరూ నవ్వారు. వాడు నావైపు తిరిగి, ‘ఊరికే అన్నాను ఆయమ్మా, ఏమనుకోకు,’ అన్నాడు. నేను ఏమీ అనుకోలేదన్నట్టు తల ఊపాను. పెన్ను బెంచీ మీద పెట్టేశాను.

ఆ సంవత్సరం శ్రావణ శుక్రవారం. అంతకుముందు కార్తీకంలో మా ఆయన పోయాడు, ఇంకా ఏడాది తిరగలేదు నాకు. చెరువు కాపలా పాకలోంచి ఆయన సామాను తెచ్చి ఇంట్లో ఒక మూల పడేశారు, చాప, టార్చిలైటు, రెండు లుంగీలు, మూతలున్న తెల్ల డబ్బాలు మూడు. చెరువు మందులు వచ్చే డబ్బాలు. మా వైపు ఏ ఇంట్లో చూసినా అవే, నీళ్ళకి అవే, బియ్యానికి అవే, బలంగా ఉంటాయి, పగలవు. బడిలో చింతపండు నానబెట్టే బేసిను చిల్లుపడింది. ముందురోజు సాయంత్రమే నానబెట్టాలి కదా, రెండు వందల మందికి పులిహోరంటే ఒక గంట నానితే సరిపోదు. చింతపండు ఇంటికి పట్టుకెళ్ళాను. ఒక డబ్బా మూత తీశాను, లోపల తెల్లగా మెరుస్తోంది, ఏ వాసనా లేదు, అయినా కుంకుడు రసం పోసి మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. నానబోశాను. పొద్దున్నే నెత్తిన పెట్టుకుని తెచ్చాను. అప్పట్లో నాతో వంట చేసేది సత్యవాణి, మా వీధి చివర ఇల్లు, నన్ను వదినా అనేది. దాని చేతి పులిహోర కోసం పెళ్ళివాళ్ళు నెల ముందు చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు పసుపు, పోపు అన్నీ వేసి, అన్నం పళ్ళెంలోకి ఆరబోసి, కలపడానికి నేను చెయ్యి పెట్టబోయాను. సత్యవాణి నా మణికట్టు పట్టుకుంది. ‘శ్రావణ శుక్రవారం వదినా. పసుపన్నం నువ్వు కలిపావని ఎవత్తో ఒకత్తి నోరు పారేసుకుంటాది. నాకేం పట్టింపు లేదు, నీకు మాట రాకూడదని. జరుగు, నేను కలిపేస్తాను.’ నేను జరిగాను. అది మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చెంబుతో నీళ్ళు నేనే పోశాను, కూర్చుని రెండు చేతులతో కలిపింది.

రెండింటికి మొదలయింది. ఆరో తరగతిలో ముందు, తర్వాత ఏడో తరగతి. గోడల పక్కన, పంపు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ పిల్లలు కడుపు పట్టుకుని. నలభై ఒక్కమంది. ఆటోల్లో, ట్రాక్టరులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు, దేవుడి దయ, కానీ వరుణ్ రెండు రోజులు సెలైను మీద ఉన్నాడు. విచారణకి ఒకాయన వచ్చి షెడ్డులో కుర్చీ వేసుకుని అడిగాడు. ‘పులిహోర ఎవరు కలిపారు?’ ‘నేనేనండి,’ అంది సత్యవాణి. ‘చేత్తోనేనా?’ ‘చేత్తోనేనండి.’ ‘చేతులు కడుక్కున్నావా?’ ‘కడుక్కున్నానండి, వదిన చూసింది, వదినే నీళ్ళు పోసింది.’ ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నా మీద ఎంతసేపు ఉందో నాకు తెలియదు. నేను నేలవైపు చూశాను. ‘నేను పొయ్యి దగ్గర ఉన్నానండి, చూడలేదండి,’ అన్నాను. ఎందుకన్నాను. మా ఆయన పోయాక ఇల్లు గడిచేది ఈ వంటతోనే అనుకున్నానా, నన్ను కూడా తీసేస్తారనుకున్నానా, ఇవన్నీ తర్వాత నేను కట్టుకున్న కారణాలు, ఆ క్షణాన ఏ కారణమూ లేదు, నోట్లోంచి అబద్ధం ఉమ్మిలా వచ్చేసింది. పళ్ళెంలో మిగిలిన పులిహోర సీసాలో పట్టుకెళ్ళారు పరీక్షకి, ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. సత్యవాణిని తీసేశారు. బయటికి వెళ్తూ అది నన్ను ఏమీ అనలేదు. ‘నువ్వు నీళ్ళు పోశావు కదా వదినా,’ అంది, అంతే, నన్ను కాదు, తనని తను అడుగుతున్నట్టు.

టీచరు గారి చెప్పుల చప్పుడు బెంచీల మధ్య వినిపిస్తోంది. గడియారంలో రెండున్నర. ‘ఎదుటివారి మాట’ అని రాసి కింద గీత గీశాను. ఏం రాయాలి. ‘పెద్ద వంటశాలలో మిషన్లు ఉంటాయి’ అని రాశాను. దానికి జవాబు సుళువు, మిషన్లు పాడవుతాయి. ఆవిడ నా భుజం మీదుగా చదివి ఆగారు. ‘పాపాయమ్మ గారూ, ఇది బలమైనదేనా? వాళ్ళ దగ్గర ఇంతకంటే పెద్ద మాట లేదా?’ అని మెల్లగా అడిగి ముందుకి వెళ్ళిపోయారు. ఆవిడకి ఏమీ తెలియదు. తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. నేను ఆ వాక్యం కొట్టేశాను. పక్కనున్న పూజిత తలొంచుకుని గబగబా రాస్తోంది, జడ కాగితం మీద పడుతుంటే వెనక్కి విసురుకుంటోంది. ఈ పిల్ల కూడా ఆ నలభై ఒక్కమందిలో ఉంది. ఈ గదిలో సగం మంది ఉన్నారు.

అక్షరాలు వచ్చిన కొత్తలో నేను కనపడినదల్లా చదివేదాన్ని. బస్సు బోర్డు, సబ్బు కాగితం, గోడ మీద సిమెంటు ప్రకటన, క్యాలెండర్లో వర్జ్యం. నోరు కదుపుతూ చదువుతుంటే కండక్టరు నవ్వేవాడు. ఒక ఆదివారం పెరట్లో కనకాంబరం మొక్కకి నీళ్ళు పోస్తున్నాను. ఆ తెల్ల డబ్బాలోనే మట్టి నింపి వేశాను, అప్పటికి అందులో రెండు మొక్కలు చచ్చిపోయాయి, మొగుడు పోయినదాని చెయ్యి మంచిది కాదంటారు, అందుకేననుకున్నాను. నీళ్ళకి డబ్బా మీద మట్టి కారి, కాగితం బయటపడింది. సన్నని అక్షరాలు. వేలు పెట్టి చదివాను. ‘ఈ డబ్బాను ఆహారం గానీ తాగునీరు గానీ నిల్వ చేయుటకు వాడరాదు.’ ఒకరి సాయం లేకుండా, ఎక్కడా ఆగకుండా నేను చదివిన మొదటి పెద్ద వాక్యం అది. చదవగలిగానని ఒక్క క్షణం సంతోషం కలిగింది, ఒక్క క్షణమే, ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. తర్వాత మట్టిలో కూర్చుండిపోయాను. ఎవరికి చెప్పను. టీచరు గారికి చెబుదామని సాయంత్రం వెళ్ళాను, ఆవిడ ‘బాగా చదువుతున్నారు’ అని పలకాబలపం స్థానంలో నోటుపుస్తకం ఇచ్చారు, తీసుకుని వచ్చేశాను. అది రెండేళ్ళ కిందటి మాట. నిమ్మకాయ పులిహోర చేసే చేతులతోనే అప్పటినుంచి ఆ నోటుపుస్తకాలు నింపుతున్నాను.

సత్యవాణి ఎక్కడికో పోలేదు. పెనుగొండలో, ఇక్కడికి పావుగంట బస్సు, ఒక మెస్సులో గిన్నెలు కడుగుతుంది. వంట ముట్టనివ్వరు, ‘పిల్లలకి విషం కలిపినది’ అని పేరు పడింది కదా. పెళ్ళివాళ్ళు పిలవడం మానేశారు. ఊళ్ళో ఉన్న నెల రోజులూ పంపు దగ్గరికి వెళ్తే పిల్లలు వెనకాల నుంచి ‘వాంతులాంటీ, వాంతులాంటీ’ అని అరిచేవాళ్ళు. పోయినేడు గుడి బయట, దండల కొట్టు దగ్గర ఎదురుపడింది. నేను తప్పుకుందామనుకునేలోపే చూసింది. చేతివేళ్ళు గిన్నెలు తోమే సోడా నీళ్ళకి తెల్లగా పగిలి ఉన్నాయి. ‘ఏం వదినా, చిక్కిపోయావు. పిల్లలు తింటున్నారా? పులిహోర ఎవరు కలుపుతున్నారిప్పుడు?’ అంది. ‘చింతపండుది చెయ్యడం లేదే,’ అన్నాను. ‘అయ్యో, ఎందుకూ, పిల్లలకి ఇష్టం కదా,’ అంది. నాకు చదువొచ్చిందని ఎవరో చెప్పారట, చాలా సంతోషపడింది, నా చెయ్యి పట్టుకుని ఊపింది. అప్పుడైనా చెప్పాల్సింది. బస్సొచ్చింది. బస్సు రావడం ఎంత మంచి సాకో.

రెండూ ముప్పావు. ఇక రాశాను. ఆలోచించి కాదు, వార్చేటప్పుడు గంజి దానంతట అది కారినట్టు. ‘ఎదుటివారి మాట. బడిలో వండేవాళ్ళు ఏ డబ్బాలో ఏం పెడుతున్నారో చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. నాలుగేళ్ళ కిందట శ్రావణ శుక్రవారం నాడు చింతపండును చెరువు మందు డబ్బాలో నానబెట్టింది నేను. ఆ డబ్బా మీద వాడకూడదని రాసి ఉంది. దానివల్లనే పిల్లలకి జబ్బు చేసిందని నేను నిరూపించలేను, దానివల్ల కాదని కూడా అనలేను. పులిహోర కలిపిన సత్యవాణి చేతులు శుభ్రంగా కడుక్కుంది. నీళ్ళు పోసింది నేను. అడిగితే చూడలేదని చెప్పాను.’ అయిపోయింది. ఆరేడు వాక్యాలు. కుడివైపు వాళ్ళు చదివితే, అవును, మేం చెప్పాలనుకున్నది ఇదే అంటారు.

తర్వాత ‘జవాబు’ అని రాసి ఆగాను. నాకు అప్పుడు చదువు రాదు, అని రాశాను. చదువు రాని కళ్ళకి కూడా సబ్బు నురగ కనపడుతుంది కదా, దోసిట్లో నీళ్ళు పోసిన చేతికి తెలుస్తుంది కదా. కొట్టేశాను. ఇప్పుడు చదువొచ్చింది, ప్రతి కాగితం చదివే వండుతున్నాను, అని రాశాను. నిజమే, కానీ అది నా మంచి, అందులో సత్యవాణి ఎక్కడుంది. కొట్టేశాను. పెద్ద వంటశాలలోనూ పొరపాట్లు జరుగుతాయి, అని రాశాను. దొంగ ఇంకో దొంగని చూపించినట్టుంది. కొట్టేశాను. మరి ఓడిపోయానా? బడిలో వంట వద్దనాలా? ఆ పెరుగు పిల్ల, ఆ గుడ్డు జేబువాడు, వాళ్ళు అబద్ధమా? కాదు. వేడి అన్నం నిజమే. పొరపాటు చేసింది బడి కాదు. పొయ్యి కాదు. నేను. ఈ రెండూ వేరని ఇప్పటిదాకా నాకు తట్టనేలేదు, నా పొయ్యి, నా బడి, నా ఉద్యోగం అన్నీ ఒకే ముద్దగా కలిపి పట్టుకుని ఉన్నాను.

‘ఎవరు చదువుతారు ముందు?’ అన్నారు టీచరు గారు. నా చెయ్యి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ‘ఆయమ్మా ఆయమ్మా’ అని బల్లలు చరిచారు. లేచి నిలబడ్డాను, బెంచీ అంచుకి చీర పట్టుకుంటే పూజిత విడదీసింది. మొదటి వాక్యం చదివాను. వేడి గురించి చదివాను. పెరుగు గురించి, పేరు చెప్పకుండా, చదివాను. ఉప్పు మాటకి నవ్వారు. ఎదుటివారి మాట మొదలుపెట్టాక నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు, ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. తల ఎత్తితే చదవలేనని ఎత్తలేదు. ‘అడిగితే చూడలేదని చెప్పాను’ దాకా వచ్చి ఆపాను.

టీచరు గారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉన్నారు. చివరికి వరుణ్ గొంతు. ‘అంటే సత్యవాణి ఆంటీది తప్పు లేదా ఆయమ్మా?’

‘లేదు బాబూ.’

‘మరి మేం ఆవిడ్ని పంపు దగ్గర...’ వాడు ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ‘మాతో అలా అనిపించింది నువ్వేగా,’ అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆ కోపానికి నేను తలవంచాను. నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసింది దీనికేనేమో, ఎవరైనా ఒకరు నాతో కోపంగా మాట్లాడాలని. ‘నేనే,’ అన్నాను. పూజిత తన బెంచీలో కొంచెం అవతలికి జరిగింది. అది కూడా చూశాను.

‘జవాబు రాయలేదా, పాపాయమ్మ గారూ?’ టీచరు గారి గొంతు బాగా తగ్గిపోయింది.

‘దానికి జవాబు లేదండి. ముగింపు ఉందండి,’ అన్నాను. నిలబడే రాశాను, కాగితం అరచేతిలో పెట్టుకుని, అక్షరాలు కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయాయి. ‘కాబట్టి అన్నం బడిలోనే వండాలి. వండవలసినది నేను కాదు, సత్యవాణి.’ చదివాను. గంట కొట్టారు. రోజూ గంట కొట్టగానే తలుపు విరిగేలా పరిగెత్తే పిల్లలు లేవలేదు. నేనే ముందు బయటికి నడిచాను. టీచరు గారు వెనకాల వస్తున్నారు. వరండాలో నా పక్కకి వచ్చి, ‘ఒక్కసారి ఆలోచించుకోండి, ఇది చదివితే ఇక్కడ మిమ్మల్ని...’ అని ఆగారు. ‘తెలుసండి,’ అన్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు, నాతోనే నడిచారు. ఎండ నేల మీద పలకలు పలకలుగా పడి ఉంది. వంట షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది, గొళ్ళెం పెట్టడం మర్చిపోయానేమో, పెట్టి వద్దామా అనుకున్నాను, ఆ తర్వాత ఇంకో పని కనపడుతుంది, ఇంకో బస్సొస్తుంది. ఆగలేదు.

హెడ్మాస్టరు గారి గది నిండా జనం, కిటికీ పక్కన కూడా నిలబడ్డారు. గున్నేశ్వరరావు గారు నన్ను చూసి చెయ్యి ఊపారు. ‘సమయానికి వచ్చావు పాపాయమ్మా. పది టీలు పట్టుకురా, రెండు చక్కెర లేకుండా.’

‘టీ తర్వాత తెస్తానండి,’ అన్నాను. ‘ముందు చదవడానికి వచ్చానండి.’